ఇంటర్నెట్ సెంటర్‌లో మన ఆధార్, ఫొటో, సంతకం మిగిలిపోకుండా ఏం చేయాలి?

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటున్నాను. ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ ఒక్కటే. అప్లికేషన్ పెట్టాలన్నా, హాల్‌టికెట్ ప్రింట్ తీయాలన్నా, ఎడిట్ ఆప్షన్ ఇచ్చినప్పుడు తప్పులు సరిచేసుకోవాలన్నా సందు చివర ఉన్న ఇంటర్నెట్ సెంటరే దిక్కు. ఈ చుట్టుపక్కల నాలాంటి వాళ్ళు ఎంతమంది ఉన్నారో ఇక్కడ ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు.

నిన్న ఒక సిస్టమ్ మీద ఫొటో అప్‌లోడ్ చేద్దామని ఫైల్ కోసం చూస్తే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరుచుకుంది. ఎవరెవరివో ఆధార్ పీడీఎఫ్‌లు, టెన్త్ మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు, ఫొటోలు, సంతకాల స్కాన్‌లు. ఒకమ్మాయి పేరుతో ఏకంగా ఫోల్డరే ఉంది, అందులో ఫొటో, సంతకం, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ అన్నీ ఒకేచోట. ఇవన్నీ ఒక్కరి చేతిలో పడితే ఆ అమ్మాయి పేరు మీద ఏమైనా చేయొచ్చు కదా అనిపించి టెన్షన్ పట్టుకుంది. ఓనర్‌కి చెప్తే "అప్పుడప్పుడు డిలీట్ చేస్తుంటాం లే" అన్నాడు. ఆయన మంచివాడే, ఆయన మీద నాకు అనుమానం లేదు. నా తర్వాత వచ్చి అదే కుర్చీలో కూర్చునేవాళ్ళు ఎవరో నాకు తెలియదు, భయమంతా అదే.

నాకు తెలియాల్సినవి ఇవి. ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే సరిపోతుందా? వాట్సాప్‌లో సెంటర్ నంబర్‌కి పంపి ప్రింట్ తీయించుకోవడం నయమా, మనమే లాగిన్ అవడం నయమా? ఇన్నాళ్ళుగా రకరకాల చోట్ల ఇచ్చిన కాగితాలు ఎవరైనా తప్పుగా వాడి ఉంటే అది తెలుసుకునే దారి ఉందా? ల్యాప్‌టాప్ కొనుక్కో అని మాత్రం దయచేసి చెప్పకండి.

సిస్టమ్స్_మాదాపూర్

తమ్ముడూ, నేను ఒక ఆఫీసులో సిస్టమ్స్ చూసుకుంటాను, అంతకుముందు ఒక కాలేజీ ల్యాబ్‌లో పనిచేశాను. ముందు ఇన్‌కాగ్నిటో సంగతి చెప్తాను, జనం నమ్ముతున్నంత శక్తి దానికి లేదు.

ఇన్‌కాగ్నిటో చేసేది ఒక్కటే. విండో మూసేశాక ఆ బ్రౌజర్‌లో హిస్టరీ, కుకీలు, ఫారాల్లో నింపిన వివరాలు మిగలవు. అది కూడా తెరిచిన ఇన్‌కాగ్నిటో విండోలు అన్నీ మూస్తేనే. వెనకాల ఇంకొకటి తెరిచి ఉంటే సెషన్ నడుస్తూనే ఉంటుంది, మీరు లాగౌట్ కాకపోతే తర్వాత వచ్చినవాళ్ళు నేరుగా మీ అకౌంట్‌లోకే వెళ్తారు. ఇక డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌కీ ఇన్‌కాగ్నిటోకీ ఏ సంబంధమూ లేదు. హాల్‌టికెట్ ఇన్‌కాగ్నిటోలో డౌన్‌లోడ్ చేసినా మామూలు విండోలో చేసినా అది వెళ్ళి పడేది అదే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో. మీరు చూసిన ఆ ఫైళ్ళలో చాలావరకు అలా పడ్డవే అయ్యుంటాయి. సెంటర్ నెట్‌వర్క్‌లో ఏ సైట్లు చూశారో దాచడం కూడా ఇన్‌కాగ్నిటో వల్ల కాదు.

అలాగని వాడొద్దు అనట్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి తప్పకుండా వాడండి. మామూలు క్రోమ్ విండోలో జీమెయిల్‌కి లాగిన్ అయితే ఒక్కోసారి బ్రౌజరే మీ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిపోతుంది. అప్పుడు ఫోన్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు కూడా ఆ సిస్టమ్‌లో కనపడే ప్రమాదం ఉంది. పైగా మూలన "సేవ్ పాస్‌వర్డ్" అని అడుగుతుంది, తొందరలో చాలామంది సరే నొక్కేస్తారు. ఓటీపీ అడిగినప్పుడు "ఈ కంప్యూటర్‌లో మళ్ళీ అడగొద్దు" అనే టిక్ ఒకటి ఉంటుంది, అది తీసేయడం మర్చిపోవద్దు.

నా అభిప్రాయం మాత్రం దీనికంటే సూటిగా ఉంటుంది. లాగిన్ మీ ఫోన్‌లో, ప్రింట్ వాళ్ళ సిస్టమ్‌లో. ఈ రెండు పనులూ ఒకేచోట చేయడం వల్లే సగం గొడవలు. ఈమధ్య చాలా సైట్లు ఫోన్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటున్నాయి, సరిగ్గా కనపడకపోతే క్రోమ్ మెనూలో "డెస్క్‌టాప్ సైట్" నొక్కి చూడండి. అప్లికేషన్ ఫోన్‌లోనే నింపి, ఫీజు ఫోన్‌లోనే కట్టి, పీడీఎఫ్ ఫోన్‌లోనే దింపుకుని, సెంటర్‌కి ఆ ఒక్క ఫైల్‌తో వెళ్ళండి. అప్పుడు ఆ కంప్యూటర్‌కి మీ పాస్‌వర్డ్ తెలిసే అవకాశమే ఉండదు, పోతే ఆ ఒక్క కాగితమే పోతుంది.

ఫైల్ ఇవ్వడానికి ఓటీజీ పెన్‌డ్రైవ్ ఒకటి కొనుక్కోండి, ఒకవైపు ఫోన్‌కి, ఇంకోవైపు కంప్యూటర్‌కి పెట్టుకునేది. అందులో ఆరోజు ప్రింట్ తీయాల్సినవి తప్ప ఏమీ ఉంచొద్దు. సెంటర్ సిస్టమ్‌కి పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ ఇప్పటికీ తిరుగుతోంది, కాబట్టి వేరే కాపీ లేని ఫైల్ అందులో పెట్టొద్దు. ఫోన్‌ని మాత్రం కేబుల్‌తో సెంటర్ సిస్టమ్‌కి కలపకండి. "ఫైల్ ట్రాన్స్‌ఫర్" నొక్కారంటే గ్యాలరీతో సహా అంతా వాళ్ళ స్క్రీన్ మీద కనపడుతుంది.

దిల్‌సుఖ్‌నగర్_సెంటర్

నేను ఇంటర్నెట్, జిరాక్స్ సెంటర్ నడుపుతాను. మా వైపు నుంచి కూడా చెప్పాలని రాస్తున్నాను, ఎందుకంటే ఈ విషయంలో కస్టమర్‌కి ఎంత బాధ్యత ఉందో మాకు అంతకంటే ఎక్కువే ఉంది.

నోటిఫికేషన్ చివరి తేదీ రోజు మా దగ్గర ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. ఒక్కో సిస్టమ్ దగ్గర నలుగురు నిలబడి ఉంటారు, సర్వర్ స్లో, ఓటీపీ రాదు, అవతల కరెంట్ పోతుందేమోనని భయం. ఒకరి ఫొటో కేబీ తగ్గించి సేవ్ చేసేలోపు ఇంకొకరు సంతకం వాట్సాప్ చేస్తారు. ఆ హడావుడిలో ఎవరి ఫైళ్ళు వాళ్ళవి డిలీట్ చేయడం కుదరదు. రాత్రి షట్టర్ వేసేముందు చేద్దాం అనుకుంటాం, చాలా సెంటర్లలో అది మర్నాటికి, ఆ మర్నాటికి పోతుంది. దురుద్దేశం ఉన్నవాళ్ళు తక్కువ. కానీ ఉద్దేశం మంచిదైనా ఫైల్ అక్కడే ఉంటే ప్రమాదం ప్రమాదమే, ఆ మాట ఒప్పుకుంటాను.

ఇంకో సంగతి, కస్టమర్లకు తెలియదు. 2011లో కేంద్రం సైబర్ కేఫ్‌లకు రూల్స్ పెట్టింది. గుర్తింపు కార్డు చూడకుండా సిస్టమ్ ఇవ్వకూడదు, ఎవరు ఎప్పుడు ఏ సిస్టమ్ వాడారో రిజిస్టర్ రాయాలి, అది కనీసం ఏడాది ఉంచాలి, చూసిన సైట్ల హిస్టరీ కూడా ఏడాది ఉంచాలి. క్యాబిన్ల అడ్డుగోడలు నాలుగున్నర అడుగులు దాటకూడదు. అంటే మీరు వచ్చి వెళ్ళినట్టు మా దగ్గర ఆనవాళ్ళు ఉండటం చట్టం ప్రకారమే, అది పోలీసుల కోసం. కానీ ఆ రూల్స్ చెప్పింది రిజిస్టర్ గురించి, హిస్టరీ గురించి. మీ ఆధార్ పీడీఎఫ్ డెస్క్‌టాప్ మీద ఉంచమని ఎవరూ చెప్పలేదు. ఐడీ అడిగితే ఆధారే ఇవ్వాలని కూడా లేదు, కాలేజీ కార్డు, ఓటర్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ ఏదైనా చెల్లుతుంది.

మీరు మొహమాటపడకుండా అడగాల్సింది ఒకటుంది. పని అయ్యాక "అన్నా, నా ఫైళ్ళు నా ముందే తీసేయండి" అనండి. మేం ఏమీ అనుకోం. అనుకునే సెంటర్ అయితే ఇంకో సెంటర్‌కి వెళ్ళండి. డౌన్‌లోడ్స్‌లో మీ ఫైల్ సెలెక్ట్ చేసి షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే రీసైకిల్ బిన్‌కి పోకుండా పోతుంది, ఒట్టి డిలీట్ నొక్కితే బిన్‌లో కూర్చుంటుంది. వాట్సాప్‌లో పంపి ఉంటే చాట్‌లో మీరు "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టినా మేం అప్పటికే దింపుకున్న కాపీ పోదు, అది వేరే తీసేయాలి. ఈ ఒక్కటీ చాలామందికి తెలియక, చాట్‌లో మెసేజ్ పోయింది కదా అని వెళ్ళిపోతారు.

సిస్టమ్స్_మాదాపూర్

అన్నా, మీరు ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. ఒక చిన్న సవరణ. షిఫ్ట్ డిలీట్ చేసినా హార్డ్‌డిస్క్ మీద ఆ చోటులో ఇంకో డేటా పడేదాకా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి తీయొచ్చు. మామూలు కస్టమర్ ఎవరూ అంత పని పెట్టుకోరు కాబట్టి మీరు చెప్పింది చేస్తే తొంభై పాళ్ళు సమస్య తీరినట్టే. నేను పైన చెప్పిన "లాగిన్ ఫోన్‌లోనే" అన్నది ఆ మిగతా దానికోసం.

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్

ఇద్దరికీ థాంక్స్ అన్నా. నాకు ఇంకో సందేహం. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా, మరి అది సెంటర్ సిస్టమ్‌లో మిగిలిపోయినా తెరవలేరు కదా? నా రూమ్మేట్ అదే అంటున్నాడు, లాక్ ఉంది కాబట్టి ఏం కాదని.

రిటైర్డ్_బ్యాంక్_మలక్‌పేట

బాబూ, మీ రూమ్మేట్‌కి చెప్పండి, ఆ లాక్, తాళంచెవి తలుపుకే వేలాడుతున్న తాళం లాంటిది. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అందరికీ ఒకే పద్ధతిలో ఉంటుంది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు క్యాపిటల్స్‌లో, ఆ తర్వాత పుట్టిన సంవత్సరం. మీరు సెంటర్ నంబర్‌కి వాట్సాప్ చేస్తే అక్కడ మీ పేరు కనపడుతుంది, మీతోపాటు పంపిన టెన్త్ మెమోలో పుట్టిన తేదీ ఉంటుంది. ఇంకేం కావాలి? పక్కన మెమో లేకపోయినా మీ వయసు చూసి నాలుగైదు సంవత్సరాలు మార్చి మార్చి కొడితే తెరుచుకుంటుంది.

అందుకే మాస్క్‌డ్ ఆధార్ వాడండి. మైఆధార్ పోర్టల్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ కావాలా అని టిక్ పెట్టే చోటు ఉంటుంది, అది పెడితే 12 అంకెల్లో చివరి నాలుగే కనపడతాయి. ఎక్కడ పూర్తి నంబర్ తప్పనిసరో అక్కడ ఇవ్వక తప్పదు, పరీక్ష హాలుకి ఏ ఐడీ తెమ్మన్నారో నోటిఫికేషన్ చదివి చూసుకోండి. కానీ హాస్టల్‌లో చేరడానికి, రూమ్ అద్దెకి, సిస్టమ్ వాడుకోవడానికి పూర్తి నంబర్ ఎందుకు ఇవ్వాలి? జిరాక్స్ కాపీ ఇవ్వాల్సివస్తే దాని మీద అడ్డంగా "ఫలానా పనికి మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వండి. బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పిన మాటే ఇది.

2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది, ఆధార్ జిరాక్స్‌లు ఎవరికిపడితే వాళ్ళకి ఇవ్వొద్దు, మాస్క్‌డ్ వాడండి, ఇంటర్నెట్ కేఫ్ కంప్యూటర్లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేయొద్దు, చేస్తే అన్ని కాపీలూ శాశ్వతంగా డిలీట్ చేయండి అని. జనం కంగారు పడుతున్నారని రెండు రోజుల్లోనే కేంద్ర ఐటీ శాఖ దాన్ని వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకున్నా నా దృష్టిలో ఆ డౌన్‌లోడ్ గురించి చెప్పిన మాట మాత్రం నూటికి నూరు పాళ్ళు సరైనది, ఈరోజుకీ పాటించదగ్గది.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, ఇన్నాళ్ళూ ఇచ్చిన కాగితాలు ఎవరైనా వాడారేమో ఎలా తెలుస్తుందని. దారులు ఉన్నాయి. సంచార్ సాథీ పోర్టల్‌లో మీ నంబర్‌తో లాగిన్ అయితే మీ పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నాయో చూపిస్తుంది, మీది కానిది కనపడితే అక్కడే రిపోర్ట్ చేయొచ్చు. మైఆధార్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ ఉంటుంది, గడిచిన ఆరు నెలల్లో మీ ఆధార్‌తో ఎక్కడెక్కడ సరిచూసుకున్నారో చూడొచ్చు. మీ పేరు మీద లోన్ ఏదైనా ఉందేమో అప్పుల రికార్డులు ఉంచే సిబిల్‌లో చూసుకోండి. ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది, సిబిల్‌తో పాటు మిగతా మూడు క్రెడిట్ సంస్థలకూ అదే రూల్. ఇవన్నీ మీ ఫోన్‌లోనే చూసుకోండి, దీనికోసం మళ్ళీ సెంటర్‌కి వెళ్ళొద్దు.

మైఆధార్‌లోనే బయోమెట్రిక్ లాక్ కూడా పెట్టుకోండి, అది పెడితే మీ వేలిముద్రతో ఎవరూ ఆధార్ సరిచూసుకోలేరు. 2018లో మన పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను ఆన్‌లైన్‌లో ఉన్న భూమి రిజిస్ట్రేషన్ కాగితాల నుంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకుని, రబ్బరు ముద్రలు చేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ దొరికిపోయాడు. అతను ఏ బ్యాంకునూ హ్యాక్ చేయలేదు, ఎవరి ఇంట్లోనూ దూరలేదు. అందరికీ కనపడేలా వదిలేసిన స్కాన్ కాపీలే అతనికి సరిపోయాయి. మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ గురించి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. వేలిముద్ర ఉన్న కాగితం ఏదైనా స్కాన్ చేయించేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండండి, పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు గానీ వేలిముద్ర మార్చుకోలేం కదా.

డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. ఆ తర్వాతే మిగతా వాళ్ళకి చెప్పడం, బాధపడటం.

మల్కాజిగిరి_పేరెంట్

ఈ చర్చ చదువుతుంటే ఒక విషయం రాయాలనిపించింది, మా అబ్బాయి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి వెళ్ళిన ఏడాది నేను చూసినది. వెబ్ ఆప్షన్లు పెట్టడానికి సెంటర్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు పిల్లలందరి హాల్‌టికెట్ నంబర్, లాగిన్ ఐడీ, పాస్‌వర్డ్ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. మళ్ళీ వచ్చినప్పుడు మర్చిపోతే చెప్తాడట, సాయం కోసమే అన్నాడు. ఆ నోట్‌బుక్ కౌంటర్ మీదే పడి ఉంది. ఆ పేజీ ఫొటో తీసుకుంటే చాలు, ఆఖరి రోజు ఎవరైనా లోపలికెళ్ళి కాలేజీల వరుస మార్చేయొచ్చు. పోయేది డబ్బు కాదు, పిల్లల సీటు.

మేం ఆ నోట్‌బుక్‌లో రాయించలేదు. పాస్‌వర్డ్ అబ్బాయి చేతే టైప్ చేయించాను. ఇంటికొచ్చాక ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చాం. ఆప్షన్లు సేవ్ చేశాక పీడీఎఫ్ దింపుకుని ఫోన్‌లో పెట్టుకున్నాం, గడువు ముగిసే ముందు మళ్ళీ తెరిచి ఆ పీడీఎఫ్‌తో వరుసగా సరిపోల్చి చూశాం. పిల్లలు సెంటర్ వాళ్ళ సెల్ నంబరే రిజిస్ట్రేషన్‌లో ఇస్తున్నారు కొందరు, ఓటీపీ తొందరగా అయిపోతుందని. దయచేసి అలా చేయొద్దు. ఆ నంబర్ ఎవరిదైతే ఆ అకౌంట్ వాళ్ళదే అవుతుంది, పాస్‌వర్డ్ మర్చిపోయానని కొడితే కొత్తది వాళ్ళకే వెళ్తుంది.

హాస్టల్_అమీర్‌పేట్

అక్కాచెల్లెళ్ళ కోసం ఒక మాట. అందరూ ఆధార్ గురించి రాస్తున్నారు, నాకు ఫోన్ నంబర్ గురించి ఎక్కువ బాధ. ప్రింట్ కోసం సెంటర్ నంబర్‌కి వాట్సాప్ చేయగానే మన నంబర్, డీపీ, పేరు వాళ్ళ దగ్గర ఉండిపోతాయి. చాలా సెంటర్లలో వాట్సాప్ వెబ్ పొద్దున్నుంచి రాత్రి దాకా పెద్ద స్క్రీన్ మీద తెరిచే ఉంటుంది, ప్రింట్ కోసం నిలబడ్డ ప్రతి ఒక్కరికీ మన డీపీ, మనం పంపిన బయోడేటా కనపడతాయి. బయోడేటాలో నాన్న పేరు, ఊరు, ఇంటి నంబర్ అన్నీ ఉంటాయి. నాకు తెలిసిన అమ్మాయికి అలా ప్రింట్ తీయించుకున్న రాత్రే తెలియని నంబర్ నుంచి మెసేజ్‌లు మొదలయ్యాయి. ఆమె చేసిన తప్పేమీ లేదు, అయినా భయపడి నంబర్ మార్చుకోవాల్సి వచ్చింది.

అప్పటినుంచి మా రూమ్‌లో అందరం మాట్లాడుకుని కొన్ని మార్చుకున్నాం. వాట్సాప్ ప్రైవసీలో డీపీ కాంటాక్ట్స్‌కి మాత్రమే కనపడేలా పెట్టుకున్నాం. ప్రింట్ల కోసమే ఒక కొత్త మెయిల్ ఐడీ చేసుకున్నాం, అందులో మా పేర్లు, నంబర్లు ఏమీ లేవు, పోయినా బాధలేదు. ఫైల్ దానికి పంపుకుని, సెంటర్‌లో ఆ మెయిలే తెరుస్తాం. మా అసలు జీమెయిల్ సెంటర్‌లో ఎప్పుడూ తెరవం, ఎందుకంటే బ్యాంకు దగ్గర్నుంచి ఫొటోల దాకా అన్నీ దానికే కదా ముడిపడి ఉండేది. ఓటీజీ పెన్‌డ్రైవ్ మంచిదే గానీ మా రూమ్‌లో అందరి దగ్గరా లేదు, ఈ మెయిల్ పద్ధతికి ఖర్చు లేదు.

ఇంకొకటి, ఫొటో, సంతకం కేబీ తగ్గించడానికే సగంమంది సెంటర్‌కి వెళ్తారు. అది ఫోన్‌లోనే అవుతుంది. తెల్లకాగితం మీద సంతకం పెట్టి, పగటి వెలుతురులో ఫొటో తీసి, గ్యాలరీలోనే క్రాప్ చేసి సైజు తగ్గించుకోవచ్చు.

సిస్టమ్స్_మాదాపూర్

మేడమ్ చెప్పిన మెయిల్ పద్ధతి బాగుంది, నా పెన్‌డ్రైవ్ సలహాకంటే ఎక్కువమందికి పనికొస్తుంది. ఫొటో సైజు గురించి ఒక్క జాగ్రత్త. ఉచితంగా కేబీ తగ్గిస్తాం, పీడీఎఫ్ కలుపుతాం అనే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, వాటిలో చాలావాటికి మీ సంతకం, మీ ఆధార్ ముందు వాళ్ళ సర్వర్‌కి వెళ్తాయి. సెంటర్‌ని తప్పించుకుని ముక్కూమొహం తెలియని సర్వర్‌కి ఇచ్చినట్టు అవుతుంది. ఇంటర్నెట్ ఆపేసినా పనిచేసే యాప్ అయితే నయం.

కీలాగర్ గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్తాను. మీరు కీబోర్డ్ మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకునే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి, కీబోర్డ్ వైరుకీ సిస్టమ్‌కీ మధ్య పెట్టే చిన్న పరికరాలు కూడా ఉన్నాయి. కొంతమంది స్క్రీన్ మీది కీబోర్డ్ వాడమంటారు, అది ఆ పరికరాన్ని తప్పించుకుంటుంది గానీ స్క్రీన్‌ని ఫొటోలు తీసే ప్రోగ్రామ్‌ని తప్పించుకోలేదు. కాబట్టి పబ్లిక్ సిస్టమ్ మీద నెట్ బ్యాంకింగ్ వద్దు, కార్డు నంబర్ వద్దు. ఫీజు కట్టే పేజీలో క్యూఆర్ కోడ్ వస్తే మీ ఫోన్‌తో స్కాన్ చేసి కట్టండి, పిన్ మీ ఫోన్‌లోనే ఉంటుంది.

ఎప్పుడైనా తప్పక లాగిన్ అవ్వాల్సివచ్చి, లాగౌట్ అయ్యామా లేదా అని బయటికొచ్చాక అనుమానం వస్తే మళ్ళీ పరిగెత్తాల్సిన పని లేదు. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ కింద "మీ పరికరాలు" తెరిస్తే ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉన్నారో వస్తుంది, తెలియనిదాన్ని అక్కడి నుంచే సైన్ ఔట్ చేయొచ్చు. వాట్సాప్‌లో అయితే "లింక్డ్ డివైసెస్". వాట్సాప్ వెబ్ ఇప్పుడు మీ ఫోన్ ఆఫ్‌లో ఉన్నా పనిచేస్తుంది, అంటే నెట్ ఆపేశాను కదా, చార్జింగ్ అయిపోయింది కదా అనుకుంటే కుదరదు, లాగౌట్ కొట్టాల్సిందే.

రూమ్‌లో అందరికీ చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మన పరీక్షల సైట్లలో చాలావాటికి పుట్టిన తేదీయే పాస్‌వర్డ్. రిజిస్ట్రేషన్ నంబర్, పుట్టిన తేదీ కొడితే హాల్‌టికెట్ వచ్చేస్తుంది. అప్లికేషన్ ప్రింట్ మీద ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. సరిగ్గా ప్రింట్ కాని కాపీలు సెంటర్ చెత్తబుట్టలో వేసి రాకండి, మీతో తెచ్చుకుని చింపేయండి.

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్

ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. మాస్క్‌డ్ ఆధార్ దింపుకున్నాను, బయోమెట్రిక్ లాక్ పెట్టాను, సంచార్ సాథీలో చూస్తే నా పేరు మీద నా నంబర్ ఒక్కటే ఉంది, మనసు కుదుటపడింది. రూమ్మేట్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పద్ధతి చదివి తనూ చేసుకుంటున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ అన్నా, ఒకటి అడగాలి. మేం నలుగురం కలిసి మా సందులో సెంటర్ ఆయనతో మాట్లాడదాం అనుకుంటున్నాం. ఆయనకి పని పెరగకుండా ఫైళ్ళు వాటంతటవే పోయే ఏర్పాటు ఏదైనా ఉందా? ఉంటే మేమే కూర్చుని పెట్టిస్తాం.

సిస్టమ్స్_మాదాపూర్

ఉంది తమ్ముడూ. విండోస్ 10, 11లో సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లోకి వెళ్తే స్టోరేజ్ సెన్స్ అని ఉంటుంది. అది ఆన్ చేసి, రోజూ నడిచేలా పెట్టి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక రోజు దాటినా తెరవని ఫైళ్ళు తీసేయమని ఎంచుకోవచ్చు. రీసైకిల్ బిన్‌కి కూడా అలాగే. డెస్క్‌టాప్ మీద సేవ్ చేసినవి మాత్రం ఇది ముట్టుకోదు, కాబట్టి డెస్క్‌టాప్ మీద ఫోల్డర్లు చేసే అలవాటు మానాలి. కాలేజీ ల్యాబుల్లో డీప్ ఫ్రీజ్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాం, సిస్టమ్ రీస్టార్ట్ చేయగానే మొదట్లో ఎలా ఉందో అలా అయిపోతుంది, మధ్యలో సేవ్ చేసినవి ఏవీ ఉండవు. దానికి డబ్బు కట్టాలి, చిన్న సెంటర్‌కి స్టోరేజ్ సెన్స్ చాలు. కస్టమర్లు కూర్చునే సిస్టమ్స్‌లో క్రోమ్ గెస్ట్ మోడ్‌లో తెరిచి ఇస్తే పాస్‌వర్డ్ సేవ్ అయ్యే బెడద కూడా పోతుంది.

దిల్‌సుఖ్‌నగర్_సెంటర్

ఈరోజు మధ్యాహ్నం మా సిస్టమ్స్ అన్నిటిలో స్టోరేజ్ సెన్స్ పెట్టాను, పెద్ద పనేం కాదు. అయితే ఒక చిక్కు ముందే చెప్తున్నా, మీ సెంటర్ ఆయన కూడా ఇదే అంటాడు. చాలామంది కస్టమర్లు వారం తర్వాత వచ్చి "అన్నా, పోయినసారి నా ఫొటో, సంతకం మీ దగ్గరే ఉన్నాయి కదా, అవే పెట్టండి" అంటారు. లేవంటే మళ్ళీ స్కాన్‌కి డబ్బులా అని కోప్పడతారు. ఫైళ్ళు ఉంచుకోవడానికి మాకున్న పెద్ద కారణం అదే. అందుకని ఇప్పటినుంచి స్కాన్ చేయగానే ఆ ఫొటో, సంతకం వాళ్ళ మెయిల్‌కి పంపి, వచ్చిందో లేదో వాళ్ళ ఫోన్‌లో చూపించమని అడిగి, ఆ తర్వాత వాళ్ళ ముందే తీసేస్తున్నాను. మీరు నలుగురూ వెళ్ళినప్పుడు ఆయనకి ఇదీ చెప్పండి, లేకపోతే రెండు రోజుల్లో ఆ సెట్టింగ్ ఆపేస్తాడు.